ముందు మడమ, తర్వాత ముచ్చట

మా ఆయన ఎవరి ముఖమూ చూడడు. కాళ్లు చూస్తాడు. పొద్దున లేచింది మొదలు అదే పని. నేను వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గేసి, తులసమ్మకు దండం పెట్టుకుని వచ్చేసరికి, నా ముగ్గుపిండి డబ్బా ఎత్తుకుపోయి గేటు ముందు చాప వెడల్పున పిండి చల్లి, పక్కన గొంతుకూర్చుని ఉంటాడు. పాలాయనా, పేపరాయనా, చీపుర్లమ్మే ఆమే, ఎవరైనా సరే ఆ పిండి తొక్కే లోపలికి రావాలి. మనిషి దాటాక ఈయన వంగి, పడిన అడుగును దేవుడి పటం చూసినట్టు చూస్తాడు.

“హీరాలాలన్నా, ఒక్కసారి వెనుకకు రా.”

“ఏంది సారూ, పాలు పల్చగున్నయా?”

“పాల సంగతి ఆమెనడుగు. నీ అరికాలు మొత్తం అచ్చువడ్డది. నడుమ వంపు ఉండాలె గద, ఏడవోయింది?”

“నాకేమెరుక సారూ? దేవుని తోడు, నేను ముట్టలె!”

నడిచే మనిషికి ముందు మడమ నేలకు ఆనాలట. బరువు పాదం బయటి అంచు మీదుగా పాకి, చిటికెనవేలి మొదట్లో మలుపు తిరిగి, బొటనవేలి మీదుగా లేచిపోవాలట. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఈ ప్రయాణం సక్రమంగా సాగుతోందో లేదో తేల్చుకుంటాడు. “బాగున్నరా” అన్న పలకరింపు ఆ తర్వాతే. ఎవరైనా మధ్యలో నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టి, “ముందు మడమ, తర్వాత ముచ్చట” అంటాడు.

ఆయన పేరు పండరి. బాన్సువాడలో పెద్ద పిల్లల బడిలో డ్రిల్లు సారు. నేను పోసవ్వను, ఆయన భార్యను. ఊరి బడి వరకే చదివినదాన్ని. లోకంలో ఆడవాళ్లు, మొగుడు ఇంకో ఆడదాని ముఖం చూశాడని ఏడుస్తారు. నాకు ఆ భాగ్యం కూడా లేదు. నేను ఏడ్చిందంతా కాళ్లను చూసే.

పెళ్లిచూపులనాడు ఆయన తల ఎత్తనే లేదు. వంచిన తల వంచినట్టే ఉంది. మా నాయన పొంగిపోయాడు. “గింత సిగ్గున్న పిలగాడు జిల్లాల దొరకడు, బంగారం!” అని అక్కడికక్కడే తాంబూలాలు తెప్పించాడు. నేనూ లోలోపల మురిసిపోయాను. అది సిగ్గు కాదని మెట్టెలనాడు తెలిసింది. సన్నెకల్లు మీద నా కాలు పెట్టించి మెట్టె తొడగమన్నారు. తొడిగాడు. కాలు మాత్రం వదలలేదు. పాదాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చీలమండ గిలక దగ్గర రెండు వేళ్లతో నొక్కాడు.

“బాబూ, ముహూర్తం దాటుతున్నది,” అన్నారు అయ్యగారు.

“జర ఆగున్రి పంతులుగారూ, గీ గిలక లోపలికి వాలుతుంది.”

“చూసిన్రా, తాళి కట్టిన పూటనే పెండ్లాం కాళ్లు వట్టిండు!” అని మా మేనత్తలు పకపకా నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం ఎవరో లెక్క తప్పు చేసినట్టు నా గిలకనే చూస్తున్నాడు.

ముఖాలు చూడని మనిషికి ముఖాలు ఎలా గుర్తుంటాయి? మా అన్న ఏడుకొండలు ఒకసారి నిజామాబాదు నుంచి మెరిసే కొత్త బూట్లేసుకుని వచ్చాడు. ఈయన గేటు దగ్గరే ఆపేశాడు.

“ఎవరు కావాలె సారూ?”

“బావా, నేనే!”

“నేనే అంటే?”

మా అన్నకు ఈయన సంగతి తెలుసు. నిట్టూర్చి, గేటు పట్టుకుని బూట్లూ మేజోళ్లూ విప్పాడు. అంతే, ఈయన ముఖం విచ్చుకుంది. “అరె, ఏడుకొండలు బావా! ఎప్పుడొస్తివి? గట్ల ముందే చెప్పరాదూ!” అని కౌగిలించుకున్నాడు.

ఆంజనేయస్వామి గుడిలో మాత్రం ఈయనకు మహా గౌరవం. “అందరూ కండ్లు మూసుకొని కోరికలు కోరుతరు. పండరి సారును చూడున్రి, ఆయన చూపు స్వామి పాదాలు దాటదు,” అని పూజారి పదిమందిలో మెచ్చుకుంటారు. నాకూ ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ ఈయన అంటాడు కదా: “పోసవ్వా, శిల్పి పెద్ద తప్పు చేసిండే. సముద్రం దాటినాయన మడమనరం గంత సన్నగ చెక్కుతరా? గా నరంతోని మన వీధి మోరీ గూడ దాటరాదు.”

“లెంపలేసుకో! ముందు లెంపలేసుకో!”

“స్వామిని అంటలేనే, శిల్పిని అంటున్న.”

ఆయన లెంపలు కూడా నేనే వేసుకుని, లోపలికి తిరిగిపోయి ఇంకో కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

ఇంట్లో ఇంకో బాధ. పాదం ఎముకలన్నీ విడివిడిగా చూపించే పటం ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి, తగిలించడానికి వేరే గోడ లేనట్టు దేవుడర్ర ద్వారం పక్కనే తగిలించాడు. మా అత్తకు చూపు సరిగా ఆనదు. రోజూ పటాలన్నిటితో పాటు దానికీ కుంకుమబొట్టు పెట్టి, మందారం గుచ్చేది.

“ఏ స్వామి పాదాలు బిడ్డా గివి? గింత బక్కగున్నయి?”

“తపస్సు చేసి చేసి ఎముకలు తేలినయే అవ్వా,” అన్నాడు కొడుకు.

పాపం ముసలామె ఆ రోజు నుంచి ఆ స్వామికి పాలు కూడా నైవేద్యం పెట్టసాగింది.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఇంకొకటి ఉంది. బడిలో కొత్తగా చేరిన సంజన టీచరమ్మ గురించి ఒకనాడు అన్నం తింటూ చెప్పాడు. “ఆమె నడుస్తుంటే పిక్క కాన్నుంచి మడమ దాకా నరం గాలిపటం దారం లెక్క గుంజి ఉంటదే. ఏం నడక!”

పప్పు గిన్నె కింద పెట్టాను. కొంచెం చప్పుడయింది.

“నా నరమో?”

“నీదెట్ల తెలుస్తది? చీరె అడ్డముంటది గద.”

“ఆమె చీరె కట్టదా?”

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి నిజంగానే ఆలోచించాడు. “ఔ, కడుతది. మరి నేనెట్ల చూసిన?”

నేను మాట్లాడటం మానేశాను. ఆయనకు తెలియనే లేదు. కోపమంతా ముఖం మీద పెట్టుకుని తిరిగితే ఆయనకు ఎలా కనపడుతుంది? చివరికి గచ్చు అదిరేట్టు అడుగులేస్తూ నడిచాను. అప్పుడు తల తిప్పి, “ఏమైందే, మడమ గంత గట్టిగ వడుతుంది?” అన్నాడు.

ఇక దిండీ సంగతి. ప్రతి ఏడూ తొలి ఏకాదశి ఇంకా చాలా రోజులుందనగా, చుట్టుపక్కల పల్లెల భక్తులు గుంపుగా పండరిపురానికి కాలినడకన బయలుదేరుతారు. తాళాలు, మృదంగాలు, ఆడవాళ్ల నెత్తిన తులసి కుండీలు. బాన్సువాడలో ఒక పూట ఆగి, మద్నూర్ మీదుగా మహారాష్ట్రలోకి దాటిపోతారు. అందులో పెద్దా చిన్నా, ఆడా మగా లేదు. అందరూ అందరినీ ‘మావులీ’ అంటారు, అమ్మా అని. ఒకరి పాదాలకు ఒకరు మొక్కుతారు. ఊరివాళ్లం అన్నాలు పెడతాం, కాళ్లు కడుగుతాం.

మా ఆయనకు అంతకు మించిన పండుగ లేదు. వేడినీళ్ల బకెట్టూ నువ్వులనూనె సీసా పట్టుకుని అందరికంటే ముందు వెళ్లి కూర్చునేవాడు. ముక్కూ ముఖం తెలియని ముసలివాళ్ల పాదాలు ఒళ్లో పెట్టుకుని, “మావులీ, బొటనవేలి మీద బరువెయ్యకున్రి, గీ బొబ్బ పగులుతది,” అని ఎంత మెత్తగా చెప్పేవాడో! ఊరంతా భక్తుడంది. మా అత్త కళ్లు ఒత్తుకునేది. నేను గరిటె పట్టుకుని పప్పు వడ్డిస్తూ అటే చూసేదాన్ని. పాండురంగడి పేరు నోట్లో ఉండేది, కడుపులో మాత్రం కుంపటి ఉండేది. ఏ ఊరి నుంచో వచ్చిన కాలికి దొరికిన భాగ్యం, ఇంట్లో ఉన్న కాలికి లేకపోయె.

అదీగాక, జన్మలో ఒక్కసారి ఆ దిండీలో నడిచి పాండురంగణ్ణి చూడాలని నాకు మొక్కు. ఏటా అడిగేదాన్ని.

“ఈ యేడు వద్దే.”

“ఎందుకు?”

“వచ్చే యేడు చూద్దాం.”

కారణం చెప్పడు. నాలోనూ ఒక రహస్యం ఉంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎడమ మడమలో ములుగర్రతో పొడిచినట్టుండేది. నాలుగడుగులు వేశాక తగ్గేది. ఆ మాట ఎవరికీ పొక్కనివ్వలేదు. తెలిస్తే అసలే పోనివ్వడు. వయసు పోతోంది. దిండీలో నడిచే కాళ్లు ఎన్నాళ్లుంటాయి?

అలాంటి ఒక ఎండాకాలంలో జమునాబాయి మా గేటు ముందు పిండి తొక్కింది.

ఆమెది ఊరి బయటి తండా. గంప నెత్తిన పెట్టుకుని రోజూ నడిచొచ్చి కూరగాయలమ్ముతుంది. మెడలో తులసిమాల, ముఖం నిండా నవ్వు. తండా నుంచి ఏటా దిండీలో నడిచే మనిషి. వంకాయలు తూచమందామని నేను బయటికొచ్చేసరికి మా ఆయన గావుకేక పెట్టాడు.

“ఆగు! కదలకు!”

“పామా సారూ?” గంపతో సహా ఆమె కొయ్యబారింది.

“పాము గాదక్కా. ఎడమకాలెత్తు. మల్ల పెట్టు. మల్లొక్కసారి.”

ఆమె అడుగు ముందు మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. పెళ్లినాడు కూడా ఆ ముఖం అట్లా వెలగలేదు.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం స్కూటరుకు సంచి తగిలించుకుని తండాకు పోయేవాడు. అడిగితే, “జమునక్క కాడికి పోయొస్త,” అనేవాడు. దాచుకుని పోయే మొగుడితో కొట్లాడొచ్చు. చెప్పి పోయేవాడితో ఏం కొట్లాడతాం? ‘అక్క’ అంటున్నాడు కదా అని కొన్నాళ్లు మనసుకు నచ్చజెప్పుకున్నాను. పాల హీరాలాల్ ఆ నెమ్మదిని కూడా ఉంచలేదు.

“అక్కా, నేను చెప్పిన అనకు. తండల పాలు తేనీకి పోయిన. సారు జమునాబాయి కాళ్ల కాడ కూసున్నడు. చెప్పులు తొడుగుతుండు, ఇడుస్తుండు.”

“పాతయా?”

“కొత్తయి అక్కా. ఒక్కటి గాదు. వరుసగ పెట్టిండు.”

ఇన్నేళ్ల కాపురంలో నా చెప్పులు నేనే అంగట్లో కొనుక్కున్నాను. స్నానం చేసి, దీపం పెట్టి, “స్వామీ, ఆయనకు మంచి బుద్ధినియ్యి, లేకుంటే నా నోటికి బలమియ్యి” అని మొక్కుకుని ఆటో ఎక్కాను.

తండాలో జమునాబాయి ఇంటి ముందు శుభ్రంగా ఊడ్చి, పొయ్యి బూడిద పలుచగా చల్లి ఉంది. పక్కన తలొక ఆకారంలో చెప్పుల వరుస. ఒకదానికి స్కూటరు ట్యూబు ముక్కలు అంటించాడు, ఒకదానికి కొబ్బరిపీచు కుట్టాడు. ఆమె గడపలో కూర్చుని ఉంది. ఈయన కింద కూర్చుని ఆమె మడమ పట్టుకుని ఉన్నాడు.

“సారూ, మొన్నటిది బాతు లెక్క అరిచె. గీ పీచుది దురద. దీన్నైతే చెప్పనరు, పీట అంటరు,” అంటోంది ఆమె.

నేను ఆటో దిగి ఆయన వెనక నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. నేల మీద నా పాదాలు కనపడగానే, “పోసవ్వా? ఎండల ఎందుకొచ్చినవే?” అన్నాడు.

“నా కాళ్లతోని మాట్లాడుతున్నవా, నాతోని మాట్లాడుతున్నవా? లేచి ముఖం చూడు!”

లేచాడు. కొత్త మనిషిని చూసినట్టు బెదురుగా చూశాడు.

“చెప్పు! ఈమె కాళ్లల్ల ఏమున్నది? నా కాళ్లల్ల ఏం లేదు?”

“ఏం ఎక్కువ లేదే. గదే ముచ్చట. రెండూ ఒక్కటే.”

జమునాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. “అక్కా, కోపం తర్వాత చేద్దువు. ముందు గీ బూడిద తొక్కు.”

కోపంతోనే తొక్కాను. ఆమె నా పక్కన తొక్కింది. ఇద్దరం పక్కకు జరిగి చూశాం. ఒకే అచ్చుతో గుద్దినట్టున్నాయి. కూలిపోయిన అరికాలి వంపు అదే, బొటనవేలిని మించి పెరిగిన రెండో వేలు అదే, లోపలి పక్కకు దిగబడిన మడమా అదే.

“నీకు పొద్దున మొదటి అడుగు పొడుస్తది,” అన్నాడాయన. “నాలుగడుగులకు తగ్గుతది. నిలవడి రొట్టెలు చేసినంక మల్ల లేస్తది.”

“నీకెవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్పాలె? ముగ్గేసేటప్పుడు ఎడమకాలు మునివేళ్ల మీద పోతవు. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా వింటినారి లెక్క ఒక పట్టీ ఉంటది. వంపు కూలితే గా నారి మీద గుంజుడు వడుతది. పండుకున్నప్పుడు ముడుచుకుంటది, లేచి అడుగేస్తే మడమ కాడ పీకుతది. గా కాలుతోని దిండీల నడుస్తనంటే ఎట్ల పంపుదునే?”

“గంత తెలిస్తే గా చెప్పులేందో నా కాలు చూసి నాకే చెయ్యొచ్చు గద! మందిమీద వడుడెందుకు?”

“ముట్టనిస్తివా?” ఈసారి ఆయన గొంతు కూడా కొంచెం లేచింది. “పెండ్లైన కొత్తల నీ కాలుకు ముల్లిరిగితే తీస్తనంటిని. మొగడు కాళ్లు ముడితే నాకు నరకమే అని ఇల్లు లేవగొట్టినవు. గందుకే ఊర్ల నీ కాలసొంటి కాలు ఏడన్న ఉన్నదా అని దేవులాడిన.”

నరకం మాట నిజమే, మా అమ్మ చెప్పిన మాట అది.

“అంటే పొద్దున పొద్దున పిండి చల్లుడు గిందుకేనా?”

ఆయన అబద్ధం ఆడలేడు. తల గోక్కున్నాడు. “మొత్తం గిందుకే గాదు. పిచ్చి ముందుగాల్నే ఉండె. పని తర్వాత దొరికింది.”

“నాకేం నష్టం లేదక్కా,” అంది జమునాబాయి. “నాకూ మడమ నొస్తుండె. అరిసేటియి, కరిసేటియి, జారేటియి, సారు చేసినయన్నీ తొడుక్కొని అంగడికొచ్చిన. గీ చివరిది మంచిగున్నది. మడమ కింద మెత్తగ, వంపు కింద గట్టిగ. నీ కోసం ఇంకో జత చేసిండు. వేసుకో.”

వేసుకున్నాను. బూడిద మీద ఇటు నుంచి అటు నడిచాను. ఆయన నా వెనకే గొంతుకూర్చుని జరుగుతూ వచ్చాడు, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని. ముట్టుకుంటే నేనెక్కడ అరుస్తానో అని. మడమ కింద ఎవరో అరచెయ్యి పెట్టినట్టుంది. సంతోషంగానే ఉంది కానీ, నిజం చెప్పొద్దూ, నొప్పి నాదైతే ఆ చేతులు పట్టుకున్నది జమునాబాయి మడమనా అని ఇంకా ఎక్కడో ఒక చిన్న మంట ఉంది.

మరుసటి ఏడు దాకా కసరత్తు చేయించాడు. పొద్దున్నే రెండు చేతులూ గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ లేవకుండా వంగాలి. పిక్క సాగితే నారి సడలుతుందట. చీపుర్లమ్మే ఆమె గేటు బయట నిలబడి, “గోడ వడుతుందా అమ్మా? మనుషుల్ని పిలవాల్నా?” అని అడిగింది. నొప్పి మొత్తం పోయిందని చెప్పను, పొడిచేది కాస్తా గిచ్చేదిగా మారింది. దిండీ రావడానికి వారం ముందు ఆయనే తులసి కుండీ తెచ్చి నా ముందు పెట్టాడు. బళ్లు తెరిచారు కాబట్టి తాను రాలేడు.

బయలుదేరేనాడు నేనూ మావులినే. ఊరివాళ్లు వరుసగా వచ్చి నడిచేవాళ్ల పాదాలకు మొక్కుతున్నారు. ఆ వరుసలో మా ఆయన వచ్చాడు. దిండీలో మొక్కేవాళ్లను ఆపితే పాపం. ఆపలేదు. వంగి, రెండు చేతులతో నా మడమ పట్టుకున్నాడు. వెనక వరుస ఆగిపోయింది.

“సారూ, జరుగున్రి, మాకూ మొక్కేదున్నది!” అని కేకలు. ఆయనకు వినపడితే కదా.

తాళాలు మోగాయి. ఊరి చివరిదాకా వెంట నడిచి, చెరుకు తోటల దగ్గర ఆయన జమునాబాయిని పక్కకు పిలిచాడు. మళ్లీ ఆమెనే! తులసి కుండీ నెత్తిన పెట్టుకుని, అభంగం పాడుతున్నట్టు పెదవులు కదుపుతూ, చెవి మాత్రం అటే పెట్టాను.

“అక్కా, ఒక్క సాయం చెయ్యాలె.”

“చెప్పు సారూ.”

“ఆమె ముఖం చూస్తే ఏం తెల్వది. నొస్తుందని సచ్చినా నోటితోని చెప్పది. నొప్పి ఎక్కువైతే పాట గట్టిగ పాడుతది. రొట్టెల కాడ రోజూ వింట. తొవ్వల ఆమె గొంతు లేసిందంటే, నువ్వే ‘అమ్మా, నా కాలు, నేను నడవ’ అని కూలవడు. నువ్వు కూసుంటే ఆమె కూసుంటది.”

“ఏడాది సంది నాకు కాలు నొప్పే లేదు సారూ. పండరిపురం పోతూ అబద్ధమాడాల్నా?”

“ఆడక్కా. పాండురంగడు ఏమనడు. నేను అడిగిన అని మాత్రం చెప్పకు.”